‘ప్రష్యన్’ అంటే జర్మన్ అనేనా?

ప్రశ్న: ఐరోపా చరిత్ర పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘ప్రష్యన్’ అని వచ్చిన ప్రతిచోటా ‘జర్మన్’ అని రాస్తే సరిపోతుందా? పాఠకులకు సులువుగా ఉంటుందని.

జవాబు: దయచేసి అలా రాయకండి. ఆ పేరు మోసినవారిలో జర్మన్ మాతృభాష కానివారు చాలామంది ఉన్నారు.

అసలు ప్రష్యన్లు బాల్టిక్ తీరపు జనం. వాళ్ల భాష లిథువేనియన్, లాట్వియన్ భాషలకు దగ్గరి చుట్టం. 13వ శతాబ్దంలో ట్యూటానిక్ నైట్లు, అంటే జర్మన్ క్రైస్తవ యోధుల సంఘంవారు, ఆ నేలను జయించారు. 18వ శతాబ్దం మొదటికల్లా ఆ భాష అంతరించింది, పేరు మాత్రం గెలిచినవారి పాలైంది. 1701లో బెర్లిన్ చుట్టూ ఉన్న బ్రాండెన్‌బర్గ్ పాలకుడు, ఆ బాల్టిక్ నేలలోని కోనిగ్స్‌బర్గ్‌లో కిరీటం పెట్టుకున్నది ఆ పేరుతోనే. ఆ తరువాత బెర్లిన్ ఏలిన నేలంతా క్రమంగా ప్రష్యా అయింది.

ఇక జర్మన్ మాతృభాష కాని ప్రష్యన్లకు ఉదాహరణగా హ్లుచీన్ ప్రాంతం సంగతి. ఇప్పటి చెక్ దేశంలో, పోలండ్ సరిహద్దును ఆనుకుని, ఒపావా నదికి ఉత్తరాన ఉంది. విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లే. 1742లో ఆస్ట్రియాను ఏలే మరియా థెరీసా ఓడి, ఈ ఊళ్లున్న సైలీషియా సీమలో అధిక భాగాన్ని ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్‌కు వదులుకుంది. అప్పుడు నదికి ఈవల ఆస్ట్రియా, ఆవల ప్రష్యా అయ్యాయి. హ్లుచీన్ ఊళ్లు ఆవలి వైపు పడ్డాయి. అక్కడివారు మాట్లాడేది చెక్‌కు చెందిన మొరావియన్ మాండలికం, కొలిచేది కాథలిక్ చర్చిలో. రాజు మారినా ఆ చర్చిలు ఆస్ట్రియా వైపున్న ఓలోమొత్స్ బిషప్ కిందే కొనసాగాయి. అయినా జనం పేరు ‘ప్రైజాత్సి’, అంటే ప్రష్యావాళ్లు. నేలను ‘ప్రైజ్‌స్కో’ అంటారు. రెండూ జర్మన్ ‘ప్రాయిస్సెన్’ నుంచి వచ్చినవే. ఈ పేరు వాళ్లు ఏ రాజు కింద ఉన్నారో చెబుతుంది, ఇంట్లో ఏ భాష మాట్లాడారో చెప్పదు.

మరొక సభ్యుడు: ప్రష్యా పాలన పోయాక ఆ పేరు కూడా పోవాలి కదండీ?

జవాబు: పోలేదు. నన్ను బాగా కదిలించేది అదే. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి వెర్సాయ్ సంధి ప్రకారం 1920 ఫిబ్రవరి 4న ఆ ప్రాంతం చెకొస్లొవాకియాలో చేరింది. పక్కనున్న ఎగువ సైలీషియాలో 1921లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, ఇక్కడ జరపలేదు. మీరు మాట్లాడేది మా భాషే కనుక మీరు మావాళ్లేనని ప్రాగ్‌లోని చెకొస్లొవాకియా ప్రభుత్వం భావించింది. కానీ అక్కడి మగవారు తరాలుగా తాపీపనికీ, తిరుగు వ్యాపారానికీ వెళ్లింది జర్మన్ పట్టణాలకే. బడిలో నేర్చింది జర్మన్, సైన్యంలో కొలువు ప్రష్యాది. అందుకే స్లావిక్ మాట మాట్లాడే ఇళ్ల నుంచే జర్మన్ పార్టీకి ఓట్లు పడ్డాయి. చదివినకొద్దీ ఇందులో వింతేమీ లేదనిపిస్తుంది. తిండి పెట్టిన చోటు, ప్రార్థన నేర్పిన భాష రెండూ ఒకే జెండా కింద ఉండాలని నియమం లేదు.

1938లో మ్యూనిక్ ఒప్పందంతో చెకొస్లొవాకియా సరిహద్దు ప్రాంతాలు జర్మనీకి దక్కాయి. హిట్లర్ దీన్ని వాటితో ఏర్పడిన సుడేటన్ ప్రాంతంలో కలపలేదు, తిరిగి ప్రష్యాకు చెందిన సైలీషియాలోనే చేర్చాడు. యువకులను వేలమందిని జర్మన్ సైన్యంలోకి తీసుకున్నారు. ఎందరో తిరిగి రాలేదు. 1945లో మళ్లీ చెకొస్లొవాకియా. కొడుకు శత్రుసైన్యంలో చనిపోయాడని పైకి చెప్పుకుని ఏడవడానికి కూడా వీల్లేని రోజులవి.

మొదట అడిగినవారు: అయితే తెలుగులో ఏం రాయమంటారు?

జవాబు: రాజ్యం, సైన్యం, పౌరసత్వం గురించి అయితే ‘ప్రష్యా’, ‘ప్రష్యన్’ అనే ఉంచండి. భాష గురించి మూలంలో జర్మన్ అని ఉంటేనే జర్మన్ అనండి. బాల్టిక్ జనం గురించి అయితే ‘ప్రాచీన ప్రష్యన్లు’ అని విడదీయండి. హ్లుచీన్‌వారి ప్రస్తావన ఉంటే ‘ప్రైజాత్సి’ అనే రాసి, కింద ఒక వాక్యం వివరణ ఇవ్వండి.