లెక్కల్లో 50కి 47 వస్తున్నాయి, కానీ పాపకి నిజంగా లెక్కలు వచ్చా?

మర్రిపాలెం అమ్మ
మా పాప ఐదో తరగతి, ప్రైవేటు స్కూలు. మొన్న ఎఫ్‌ఏలో (ఏడాది మధ్యలో స్కూల్లోనే వేసే మార్కులు, ఫార్మేటివ్ అసెస్‌మెంట్) లెక్కలకి 50కి 47. టీచరమ్మ అయితే ఒకటే పొగడ్తలు. ఆదివారం ఎంవీపీ రైతుబజారుకి తీసుకెళ్తే, వంకాయలు కిలో 28 అని బోర్డు మీద ఉంది. ముప్పావు కిలోకి ఎంతవుతుందే అంటే నా మొహం చూసింది. అదే 28లో 3/4 ఎంత అని కాగితం మీద రాసిస్తే టక్కున 21 వేసేసింది! ఇంట్లోనే దాని లెవెల్ ఎంతో చూసుకునే దారేమైనా ఉందాండీ? ట్యూషన్ పెట్టించమని మాత్రం చెప్పకండి, మా ఆయన రోజూ అదే పాట.

గాజువాక బాబాయ్
అబాకస్ క్లాసులో వేసేయండి మేడం, పూసల చట్రంతో గబగబా లెక్కలు చేయడం నేర్పుతారు. మా అన్నయ్య కొడుకు ఐదంకెల కూడికలు కళ్లు మూసుకుని చేసేస్తున్నాడు.

భీమిలి లెక్కల మాస్టారు (రిటైర్డ్)
బాబాయ్ గారూ, కూడికలు గబగబా చేసేవాడికి ముప్పావంటే ఏంటో తెలిసి ఉండాలని లేదు కదా. అది వేరే విద్య.

అమ్మా, ముందు ఆ 47 ఎలా వచ్చిందో చూడండి. నేను సర్వీసులో ఉండగా ఎఫ్‌ఏ 50లో స్లిప్ టెస్టుకి 20 మార్కులే. మిగతా 30 నోట్సుకీ, ప్రాజెక్టుకీ, క్లాసులో పాల్గొన్నందుకూ. అట్టముక్కల ప్రాజెక్టు ఇంట్లో ఎవరు చేస్తారో మనకి తెలియనిదా! మీ స్కూల్లో ఎలా వేస్తున్నారో అడగండి.

ఇంట్లో చూడాలంటే నాలుగు లెక్కలు చాలు. 402 - 178 ఇవ్వండి. జవాబు 224. ఒక పిల్ల 376 వేస్తుంది, ఇంకో పిల్ల 324 వేస్తుంది. మార్కుల్లో ఇద్దరికీ సున్నాయే. కానీ మొదటి పిల్ల ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది, అప్పు తెచ్చుకోవడమే రాదు. రెండో పిల్ల అప్పు తెచ్చింది గానీ వందల్లో ఒకటి తగ్గించడం మర్చిపోయింది. మొదటి పిల్లకి మొదట్నించీ చెప్పాలి, రెండో పిల్లకి పది నిమిషాలు చాలు. నా మటుకు నాకు మార్కు కన్నా తప్పు జవాబే ఎక్కువ చెబుతుంది.

తర్వాత 824 ÷ 4. ఆ పైన, 0.5 పెద్దదా 0.35 పెద్దదా? 35 పెద్దదని 0.35 అనే పిల్లలు హైస్కూల్లోనూ బోలెడుమంది. చివరిగా 8 + 4 = __ + 5. ఖాళీలో 12 రాసిందంటే '=' గుర్తుని 'జవాబు ఇక్కడ రాయి' అని చదువుతోందన్నమాట.

టైం పెట్టొద్దు. తప్పయినా వెంటనే అనొద్దు. 'ఎలా చేశావు తల్లీ' అని అడిగి వినండి, రైటు వచ్చినా అడగండి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూడ్డానికి 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలోనూ ఇంటికెళ్లి ఒక్కో పిల్లనే కూర్చోబెట్టి అడుగుతారు. అది పల్లెల్లోనే చేస్తారు కాబట్టి మన సిటీకి రారు. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడమే అందులో పై మెట్టు.

మర్రిపాలెం అమ్మ
మాస్టారూ, ఇచ్చి చూశాను. తీసివేత కరెక్టు. 0.35 పెద్దదంది. ఖాళీలో 7 రాసింది. 824 ÷ 4కి మాత్రం 26. ఎలా చేశావంటే '8లో 4 రెండుసార్లు, 2లో పోదు కాబట్టి 24 తీసుకున్నా, ఆరుసార్లు' అంది. వింటుంటే అంతా కరెక్టే అనిపించింది!

భీమిలి లెక్కల మాస్టారు (రిటైర్డ్)
ఎక్కం వచ్చు, స్థానం పోయింది. 2లో పోనప్పుడు పదుల స్థానంలో సున్నా పెట్టాలి, పెట్టలేదు. ఎనిమిది వంద నోట్లు, రెండు పది నోట్లు, నాలుగు రూపాయి బిళ్లలు ఇచ్చి నలుగురికి పంచమనండి (బొమ్మ నోట్లయినా పర్లేదు). వందలు తలా రెండు వెళ్తాయి. పదులు రెండే కాబట్టి పంచలేక చిల్లర మారుస్తుంది, 24 బిళ్లలు, తలా ఆరు. చేతిలో 206 ఉంటే కాగితం మీద 26 ఎందుకుందో తనే వెతుక్కుంటుంది. ఇకమీదట భాగహారం మొదలెట్టే ముందు 'సుమారు ఎంత రావచ్చు' అని అడగండి. 800ని నలుగురికి పంచితే 200 అని తెలిసిన పిల్ల 26 దగ్గర ఆగిపోదు.

0.35 సంగతికి కూడా డబ్బులే. అర్ధరూపాయి ఎక్కువా, 35 పైసలు ఎక్కువా అనండి. ఈ కాలం పిల్లలు పైసలు చూడలేదు గానీ, చెబితే పట్టుకుంటారు.

గాజువాక బాబాయ్
ఆ 8 + 4 లెక్క మావాడికి ఇచ్చా మాస్టారూ. కళ్లు మూసుకుని 12 అన్నాడు.