సంపాదన ఉన్న ఆవిడ భరణం తీసుకోవచ్చా?

మిద్దెతోట:
నాకు 46. విడాకులై మూడేళ్లు. హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేస్తూ ఒక్కదాన్నే ఉంటున్నా. పరస్పర అంగీకారం కాగితాల్లో భరణం వద్దని సంతకం పెట్టేశాను. అది ఆత్మగౌరవం అనుకున్నా. మొన్న ఓనర్ అద్దె పెంచిన రాత్రి పీఎఫ్ లెక్క తీసి చూసుకున్నాను. 2009 నుంచి 2018 దాకా పైసా పడలేదు. బాబు కోసం ఉద్యోగం మానేసిన ఏళ్లు అవి. భరణం వద్దనడం తప్పంటారా?

సూటిమాట:
తప్పేం లేదు, సరిగ్గా చేశారు. జీతం వస్తుండగా విడిపోయిన మనిషి డబ్బెందుకు? మా తమ్ముడు పర్సనల్ లోన్ తీసి మరీ ఒకేసారి సెటిల్ చేశాడు. ఆమె జీతం వాడికన్నా ఎక్కువ. దీన్ని స్వతంత్రం అనాలా?

కోర్టుమెట్లు:
సూటిమాట గారూ, హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం భర్త కూడా అడగొచ్చు. మీ తమ్ముడు గారు అడిగారా? భార్యకు సంపాదన ఉన్నంత మాత్రాన భరణం ఇవ్వక్కర్లేదు అనడానికి లేదని 2020లో రజ్నేష్, నేహాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో పెట్టాలి. సంసారం కోసం ఉద్యోగం వదులుకుందా అన్నదీ లెక్కలోకి వస్తుంది.

సూటిమాట:
వాడు అడగలేదు, పరువు అనుకున్నాడు. చట్టం ఇస్తానంటే ఆమె మాత్రం చెయ్యి చాపాలా?

మిద్దెతోట:
చెయ్యి చాపడం అన్నారు కాబట్టి చెప్తున్నా. ఆ తొమ్మిదేళ్లలో ఆయనకి మూడు ప్రమోషన్లు. టూర్ అంటే సూట్‌కేస్ సర్దింది నేను, బాబుకి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది నేను. తిరిగి ఉద్యోగంలో చేరినప్పుడు నాకన్నా పదేళ్ల చిన్నమ్మాయి కింద పనిచేశా. జీతం ఉందనేది నిజమే, కానీ అది ఉండాల్సిన చోట లేదు. మీ తమ్ముడి మీద నాకు కోపం లేదండీ, ఆయన లెక్క వేరు కావచ్చు.

వానాకాలం:
నేను తీసుకున్నా, ఒకేసారి. ఇల్లు కొనడానికి కాస్త ఆసరా అయింది. అంతకుముందు ఇల్లు చూడ్డానికి వెళ్తే ‘సార్ ఎక్కడ చేస్తారమ్మా?’ అని అడిగేవాళ్లు. ఆ టెన్షన్ పోయింది. బంధువులు మాత్రం ఇప్పటికీ ఆయన కొనిచ్చిన ఇల్లే అంటారు. ఈఎంఐ కట్టేది నేను.

సూటిమాట:
ఒకేసారి తీసుకుని తెంచుకోవడం కొంత నయం. నెలనెలా అయితే మాత్రం ఒప్పుకోను.

మిద్దెతోట:
సంతకం పెట్టాక మళ్లీ అడగడానికి దారి ఉందేమో తెలుసుకోవాలి. శనివారం లాయర్ దగ్గరికి వెళ్తున్నా. పీఎఫ్ కాగితం ప్రింట్ తీసి పెట్టుకున్నా.