240 పేజీలు, 100 కాపీలు: అచ్చు వేయించాలా, ఈ-బుక్‌తో సరిపెట్టాలా?

ప్రశ్న:
కథల సంపుటి, డెమీ సైజు (సుమారు 5.5 × 8.5 అంగుళాలు), 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) కాగితం. ఇప్పుడు చాలామంది ఫోన్లోనే చదువుతున్నారు కాబట్టి డిజిటల్ ప్రింట్‌లో 100 కాపీలే అనుకుంటున్నాం. శాంపిల్ కాపీని బార్లా తెరిస్తే మధ్య పేజీలు ఊడొస్తున్నాయి, వెన్ను దగ్గర కాగితం అలలుగా లేచింది. ఇలాగైతే అచ్చు దేనికి?

జవాబు 1:
100 కాపీలకు డిజిటలే నయం. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు, మెషీన్ సెట్టింగు ఖర్చు పది కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. అలలకు కారణం గ్రెయిన్, అంటే కాగితంలో పోగులు సాగే దిశ. కాగితం పోగులు తేమకు వెడల్పులో ఉబ్బుతాయి, పొడవులో పెద్దగా ఉబ్బవు. గ్రెయిన్ వెన్నుకు అడ్డంగా పడితే ఉబ్బిన కాగితాన్ని జిగురు కదలనివ్వదు, అందుకే ముడతలు. చిన్న ముక్క కత్తిరించి ఒకవైపు తడపండి, గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటుంటే గ్రెయిన్ అటు. అది వెన్నుకు సమాంతరంగా ఉండాలి.

జవాబు 2:
పేజీలు ఊడడం జిగురు సంగతి. మామూలు హాట్‌మెల్ట్ (కరిగించి వేడిగా పూసే ఈవీఏ జిగురు) చలికి పెళుసెక్కి, ఎండకు మెత్తబడుతుంది. పీయూఆర్ (పాలీయురేథేన్) జిగురు అడగండి, పల్చటి పొరే అయినా సాగుతుంది. కాకపోతే గాల్లో తేమతో గట్టిపడేది కాబట్టి ఒక రోజు దాకా లాగి చూడొద్దు. వెన్ను గరుకు చేయకుండా పూస్తే ఏ జిగురూ పట్టదు. కుట్టు బైండింగ్ అయితే ఇంకా మేలు: 16 పేజీల ఫారాలు (మడిచి కుట్టే కట్టలు) సరిగ్గా 15. లోపలి మార్జిన్ 20 మి.మీ. వదలండి. 120 ఆకులు, ఆకు సుమారు 0.1 మి.మీ., అంటే వెన్ను 12 మి.మీ. అసలు కాగితం కొలిచాకే కవర్ ఫైల్ పంపండి.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్సండీ. ఈ-బుక్‌కు ఇదే పీడీఎఫ్ ఇచ్చేయొచ్చా?

జవాబు 3:
వద్దండీ. డెమీ పేజీ ఫోన్ వెడల్పుకు కుదిస్తే సగమవుతుంది, 12 పాయింట్ల అక్షరం 6కు పడిపోతుంది. తెర వెడల్పును బట్టి లైన్లు సర్దుకునే ఈపబ్ ఫైలు చేయించండి. డీటీపీ పాత ఫాంట్లో జరిగుంటే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, లేదంటే తెరమీద ఇంగ్లిషు అక్షరాల కలగాపులగం. మార్చాక పొల్లులే చూడండి: ‘సాఫ్ట్‌వేర్’లో కనబడని విడదీత గుర్తు పోతే ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. లైన్ల ఎడం 1.5 కన్నా తగ్గిస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడులను తాకే ప్రమాదం. ఫాంట్‌ను ఫైల్లోనే పొదిగించండి. ప్రూఫ్ మాత్రం ప్రింటు తీసి దిద్దండి.