అప్‌డేట్: గోల్డ్ 2లో ఇరుక్కుపోయిన వాలరెంట్ ర్యాంక్ కదిలింది

వాలరెంట్ (ఐదుగురు వర్సెస్ ఐదుగురు ఆడే షూటింగ్ గేమ్)లో నాలుగు నెలలుగా గోల్డ్ 2 ర్యాంక్ దాటట్లేదు, ఎయిమ్ ప్రాబ్లమా టీమ్ ప్రాబ్లమా అని అడిగాను కదా, నిన్న రాత్రి గోల్డ్ పైనుండే ప్లాటినం వచ్చేసింది! హెల్ప్ చేసిన అందరికీ చాలా థ్యాంక్స్.

పనిచేసింది మాత్రం ఓడిపోయిన మ్యాచ్‌లు రికార్డ్ చేసి చూసుకోమన్న సలహానే. అసెంట్ మ్యాప్‌లో 13-9తో పోయిన మ్యాచ్ చూస్తే 22 రౌండ్లలో 8 సార్లు మా టీమ్‌లో ముందు చచ్చింది నేనే, బి మెయిన్‌లోకి (బాంబు పెట్టే బి సైట్‌కి వెళ్లే దారి) ఒక్కడినే దూరిపోవడం, వెనకాల ట్రేడ్ తీసుకునేవాళ్లు (నన్ను చంపినవాడిని వెంటనే చంపేవాళ్లు) లేకపోవడం, మినీమ్యాప్‌లో మిగతా నలుగురూ ఎ వైపు కనిపిస్తూనే ఉన్నారు, నేనే చూసుకోలేదు. ఇప్పుడు పక్కకి ఒకరు వచ్చేదాకా ఆగుతున్నా, వరసగా రెండు ఓడితే ఆ రోజుకి ర్యాంక్డ్ మ్యాచ్‌లు ఆపేస్తున్నా.

మౌస్ సెన్సిటివిటీ మార్చడం, కొత్త మౌస్ కొనడం వల్ల నాకైతే ఏ తేడా రాలేదు. టీమ్‌మేట్స్ వల్లే ఓడుతున్నా అని అప్పుడు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నా.