అమెరికా గుడి లెక్కలు: ఎన్నికల అభ్యర్థికి శాలువా, హాలు ఎంతవరకు కుదురుతాయి?

ప్రశ్న (అమీర్‌పేట, హైదరాబాద్):
మా ఆఫీసులో టెక్సాస్ గుడి ఒకదాని లెక్కలు రాస్తాం. 501(సి)(3) హోదా (దాతృత్వ, మత సంస్థలకిచ్చే ఆదాయపన్ను మినహాయింపు) ఉంది, ఏటా ఫారం 990 (అక్కడి వార్షిక రిటర్ను) కూడా వేస్తారు. అక్కడ స్కూల్ బోర్డుకు ఒక తెలుగాయన నిలబడ్డారు. దసరా నాడు స్టేజీ మీద శాలువా కప్పాలని, గుడి వాట్సాప్ గ్రూపులో "మనవాడికే ఓటు" అని పెట్టాలని, ఆయన విరాళాల విందుకు హాలు ఉచితంగా ఇవ్వాలని కమిటీ ఆలోచన. "ఓటేయండి" అని కొట్టించిన ఫ్లెక్సీల బిల్లు గుడి ఖాతాలోంచి కట్టేశారు కూడా. ఏ హెడ్డులో వేయాలండీ?

జవాబు 1:
హెడ్డు సంగతి తర్వాత, ముందు వాట్సాప్ పోస్టు ఆపించండి. గ్రూపు గుడిది కాబట్టి ఆ మాట గుడి అన్నట్టే. ఆ హోదా ఉన్న సంస్థ ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయకూడదు, 1954లో వచ్చిన నిషేధం ఇది. చట్టంలో చర్చి అంటే గుడి, మసీదు కూడా. స్కూల్ బోర్డు చిన్నదే కదా అంటే కుదరదు, ప్రభుత్వ పదవికి పోటీ అయితే చాలు. చట్టసభల బిల్లుల మీద కొద్దిపాటి లాబీయింగ్‌కు (ఒత్తిడి తేవడానికి) వీలుంది, అభ్యర్థుల విషయంలో ఆ కొద్దిపాటి కూడా లేదు.

శాలువాకు దారి ఉంది. ఊరి ప్రముఖుడిగానే పిలవాలి. పోటీ ఊసు, ఓటు ఊసు, చందా ఊసు ఎత్తకూడదు, ఆహ్వానపత్రికలో కూడా. అభ్యర్థిగా పిలిస్తే ప్రత్యర్థులకూ అంతే అవకాశమిచ్చి, గుడి ఎవరి పక్షమూ కాదని మైకులో చెప్పాలి. ఇవన్నీ అక్కడి పన్నుల శాఖ ఇచ్చిన వివరణ, రెవెన్యూ రూలింగ్ 2007-41లో 21 ఉదాహరణలతో ఉన్నాయి, కమిటీకి అదే పంపండి. గుడి కమిటీ అధ్యక్షుడు సొంతంగా మద్దతివ్వొచ్చు, గుడి వేదిక మీద, గుడి పత్రికలో మాత్రం కాదు.

జవాబు 2:
హాలు ఉచితం అంటే అభ్యర్థికి చందా ఇచ్చినట్టే. మామూలుగా అద్దెకిచ్చే హాలైతే అందరి రేటుకే, ముందు అడిగినవారికి ముందు అన్న పద్ధతిలో ఇవ్వండి. రాతపూర్వక ఒప్పందం, రేటు కార్డు ఫైల్లో ఉండాలి, డబ్బు ప్రచార ఖాతా నుంచి రావాలి. ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వని హాలు ఈయన కోసమే తెరిస్తే అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఫ్లెక్సీల బిల్లును పూజా ఖర్చుల్లో కలిపేయకండి. అమెరికా పన్ను చట్టం సెక్షన్ 4955 కింద గుడికి ఖర్చులో 10%, తెలిసీ ఒప్పుకున్న బాధ్యులకు 2.5% (ఒక్కో ఖర్చుకు 5,000 డాలర్లు మించకుండా) పన్ను. ఈ పన్నును ఫారం 4720 అనే వేరే రిటర్నులో చూపాలి. గడువులోగా సరిదిద్దకపోతే గుడికి 100%. సరిదిద్దడం అంటే ఆ సొమ్ము వీలైనంత రాబట్టి, మళ్లీ జరగకుండా కట్టడి పెట్టడం. 990 నాలుగో భాగం 3వ లైన్‌లో "అవును" పెట్టి షెడ్యూల్ సి (రాజకీయ ప్రచార వివరాల అనుబంధం) నింపాలి.

జవాబు 3:
2025 జూలైలో ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఈ నిషేధాన్ని సడలించిందిగా?

జవాబు 1:
టెక్సాస్ కోర్టులో వాళ్లు చెప్పింది ప్రార్థన సందర్భంగా, గుడి మామూలుగా వాడే ప్రచార మార్గాల్లో, మతదృష్టితో సొంత భక్తులతో మాట్లాడే మాటల గురించి. చట్టం అక్షరం మారలేదు. ఫ్లెక్సీలకు, ఉచిత హాలుకు దాన్ని అడ్డం పెట్టుకోలేరు. 1992లో అధ్యక్ష అభ్యర్థి క్లింటన్‌కు వ్యతిరేకంగా పత్రికల్లో ఫుల్ పేజీ ప్రకటన ఇచ్చిన న్యూయార్క్ రాష్ట్రపు చర్చి హోదా పోగొట్టుకుంది, 2000లో అప్పీలు కోర్టు కూడా దాన్నే సమర్థించింది. ఆ ప్రకటనకు విరాళాలిస్తే పన్ను మినహాయింపు అని అందులోనే అచ్చేశారు మరి!

జవాబు 4:
ఇక్కడి కాలనీ గుడి ట్రస్టులకు ఇదే సలహా ఇచ్చేయకండి. మన దగ్గర 1988 నాటి మతసంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ఉంది. గుడి ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు, నిధులను పార్టీకి వాడితే నిర్వాహకుడికి ఐదేళ్ల దాకా జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా. అద్దె రసీదు చూపించినంత మాత్రాన బయటపడతారనుకోవద్దు.