అవార్డు డబ్బు పెంచితే టీమ్‌లో ఉత్సాహం వస్తుందా?

ప్రశ్న:
ఎనిమిది మంది ఉన్న టీమ్‌కి ఈమధ్యే లీడ్‌గా వచ్చాను. అందరూ పని తెలిసినవాళ్లే, కానీ చెప్పినంత వరకే చేసి ఆగిపోతున్నారు, మీటింగ్‌లో ఏదైనా అడిగితే "మీ ఇష్టం అండీ" అంటారు తప్ప ఎవరూ నోరు విప్పరు. నెలకొకరికి నగదు బహుమతి ముందునుంచే ఉంది, ఆ మొత్తం పెంచి చూద్దామని పైవాళ్లు అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. మీరేమంటారు?

జవాబు 1:
మీ అనుమానం సబబే. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే సైకాలజిస్ట్ విద్యార్థులకు పజిల్స్ ఇచ్చి, కొందరికి మాత్రం ఒక విడత డబ్బులిచ్చాడు. అవి ఆపేశాక ఖాళీ సమయంలో వాళ్లు ఆ పజిల్స్ పట్టుకోవడం తగ్గిపోయింది. పైగా మీ దగ్గర బహుమతి ఒక్కరికే. మిగతా ఏడుగురి సంగతి?

జవాబు 2:
ఒప్పుకుంటా, కానీ డబ్బు ముఖ్యం కాదని మాత్రం అనొద్దు. కొత్తగా చేరినవాళ్లకి తమకంటే ఎక్కువ జీతమని తెలిసిన రోజే పాతవాళ్ల మనసు విరిగిపోతుంది, ఆ తర్వాత ఎంత మెచ్చుకున్నా ఎక్కదు. హెర్జ్‌బర్గ్ అనే సైకాలజిస్ట్ 1959లోనే చెప్పాడు, సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి: జీతం, రూల్స్, పైవాళ్ల తీరు బాగోకపోతే అసంతృప్తి పుడుతుంది, అవి సరిచేస్తే అది తగ్గుతుంది, అంతవరకే. పని మీద ఇష్టం మాత్రం బాధ్యత, గుర్తింపు, సాధించామన్న తృప్తి నుంచే వస్తుంది. ముందు జీతాల తేడాలు చూడండి.

జవాబు 3:
ఇదంతా సరే, ముందు ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. "మోటివేషన్ ఎలా ఉంది" అని కాదు, "ఇంతకుముందు మీరిచ్చిన సలహా ఏమైంది" అని అడగండి. చాలాచోట్ల మౌనం అక్కడే మొదలవుతుంది, చెప్పిన మాటకి అవునో కాదో కూడా ఎవరూ చెప్పకపోతే మళ్లీ ఎందుకు చెబుతారు? కుదరనివి ఎందుకు కుదరవో ముఖం మీదే చెప్పండి, కుదిరేదాన్ని చెప్పినవాళ్ల చేతికే ఇచ్చి, ఎలా చేయాలో వాళ్లకే వదిలేయండి. రోజూ స్టేటస్ అడిగితే మాత్రం ఇచ్చినట్టే కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. జీతాలు నా చేతిలో లేవు, ఆ తేడాలు పైకి రాసి పంపుతాను. విడిగా మాట్లాడటం ఈ వారమే మొదలుపెడతాను, అది పూర్తయ్యేదాకా అవార్డు పెంచొద్దని చెబుతాను.