అప్‌డేట్: పాత సీలింగ్ ఫ్యాన్ మళ్లీ తిరుగుతోంది
చెన్నైలో మా ఇంట్లో తాతగారి కాలం నాటి ఫ్యాన్ స్విచ్ వేస్తే మూలుగుతుంది తప్ప తిరగదు, కర్రతో రెక్కని నెడితేనే కదులుతుంది, పాత ఇనుముకి వేసేయాలా అని అడిగాను కదా. వేయలేదు! మీలో చాలామంది చెప్పినట్టు పోయింది కెపాసిటరే, అంటే మోటారు తిరగడం మొదలవ్వడానికి సాయపడే చిన్న భాగం. మెయిన్ స్విచ్ ఆపేసి ఫ్యాన్ పైనున్న గిన్నెలాంటి మూత దించి చూస్తే ఆ కెపాసిటర్ ఉబ్బిపోయి ఒక పక్క పగిలి ఉంది. దాని మీద 2.5 మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యాన్ని కొలిచే యూనిట్) అని ఉంది, ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో సరిగ్గా అదే తెచ్చి వేశాను. ఎక్కువ విలువది వేస్తే స్పీడ్ పెరుగుతుందని కొందరు అంటారు గానీ వైండింగ్ (మోటారులోని తీగ చుట్ట) వేడెక్కిపోతుంది, దయచేసి ఆ పని చేయకండి. రాగి వైండింగ్ ఉన్న ఇంత గట్టి మోటారుని తూకానికి ఇవ్వడానికి నాకసలు మనసొప్పలేదు. ఇక రెక్కలకి ఎనామెల్ పెయింట్ వేయాలి, ముందు ఏ నంబర్ ఉప్పుకాగితంతో రుద్దాలో తెలిసినవాళ్లు చెప్పండి.